ఆ విమానంలో ఉన్నది ఏ పెద్రో?

మెక్సికోలో పుట్టినరోజు నాడు తెల్లారకముందే ఇంట్లోవాళ్లు మంచం పక్కన చేరి పాట పాడి లేపడం ఆనవాయితీ. ఆ పాట ‘లాస్ మన్యనీతాస్’. పాడే ఓపిక లేనివాళ్లు ఫోన్‌లో పెడతారు. అలా పెట్టినప్పుడు చాలా ఇళ్లలో వినిపించేది ఒకే గొంతు, గాయకుడూ సినిమా హీరో అయిన పెద్రో ఇన్ఫాంతేది. ఆ మనిషి 1957 ఏప్రిల్ 15న విమానం కూలి చనిపోయాడు. అప్పటికి వయసు 39. ఇవాళ ఆ పాటకు నిద్రలేచే పిల్లల తాతల్లో కూడా చాలామందికి అతను పెద్దవాళ్లు చెప్పగా విన్న మనిషే.

పోయాక కూడా వినబడే గొంతులు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. పెద్రో విషయంలో అదనంగా ఒక చిక్కుంది. అతను చావలేదనీ, మొహం పాడైపోయి ఎక్కడో దాక్కుని బతికాడనీ నమ్మినవాళ్లు దశాబ్దాల పాటు ఉన్నారు. అభిమానుల పిచ్చి అని కొట్టిపారేయడం తేలికే. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ సబ్‌టైటిల్స్ పెట్టుకుని అతని సినిమాలు వరసగా చూస్తూ, పక్కనే అతని జీవితాన్ని పరుచుకుంటే ఆ నమ్మకం ఎక్కడ మొలిచిందో కొంత తెలుస్తుంది. తెర మీది పెద్రో, రికార్డుల్లోని పెద్రో, ఇంట్లోని పెద్రో. ఈ ముగ్గురి మధ్యా గోడ ఎక్కడుందో జనానికి ఎప్పుడూ కనబడలేదు. ఆ గోడను కనబడకుండా చేసింది కొంత దర్శకులు, కొంత అతనే. మిగతాది ఎవరి చేతుల్లోనూ లేదు.

వడ్రంగి రంపం వదిలాడు, గిటార్ పట్టాడు

పుట్టింది 1917 నవంబర్ 18న, పసిఫిక్ తీరంలోని మసత్లాన్ రేవు పట్టణంలో. పెరిగింది అదే సినలోవా రాష్ట్రంలోని గ్వామూచిల్ అనే చిన్న ఊళ్లో. తండ్రి దెల్ఫీనో బ్యాండుల్లో వాయించేవాడు. ఇంటి నిండా పిల్లలు, చేతిలో డబ్బు తక్కువ. చదువు ప్రాథమిక బడి దగ్గరే ఆగిపోయింది. పెద్రో వడ్రంగం నేర్చుకున్నాడు. తన మొదటి గిటార్‌ను తనే చెక్కుకున్నాడని చెబుతారు. సినలోవా అంటే ఇత్తడి వాయిద్యాల బ్యాండ్ల ప్రాంతం. పెళ్లికీ, జాతరకూ, చావుకూ బ్యాండ్ ఉండాల్సిందే. అక్కడ కుర్రాళ్లు సంగీతాన్ని నోట్స్ చూసి కాదు, పక్కవాడి భుజం మీంచి తొంగి చూసి నేర్చుకుంటారు.

రాజధానికి వెళ్దామన్నది భార్య మరియా లూయిసా లియోన్. పెద్రో కంటే వయసులో పెద్దది, అతని గొంతు మీద అతనికంటే ఎక్కువ నమ్మకం ఉన్నది. 1939లో ఇద్దరూ మెక్సికో సిటీ చేరారు. ఎక్స్‌ఈబీ అనే రేడియో స్టేషన్‌లో పాడే అవకాశం దొరికింది. జీతం చాలక మొదట్లో ఇబ్బందులే. ఈ భాగం ఏ పాటగాడి కథలోనైనా ఉండేదే కాబట్టి ఇక్కడ ఆగను. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. అతన్ని ఊరి నుంచి కదిలించిన ఆ భార్య పేరు ఈ కథ చివర్లో సుప్రీంకోర్టు తీర్పులో మళ్లీ వస్తుంది.

1943లో పీర్‌లెస్ కంపెనీకి రికార్డులు ఇవ్వడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి చనిపోయేదాకా పాడినవి 300 పైచిలుకు. సినిమాలు 60 వరకూ. పద్నాలుగేళ్లలో ఇంత పని చేయాలంటే అతనొక్కడి కష్టం చాలదు, వెనక ఒక పరిశ్రమ పరుగులు తీస్తూ ఉండాలి. ఆ పరుగుకు కారణం రెండో ప్రపంచ యుద్ధం. అప్పట్లో సినిమా తీయడానికి కావలసిన ముడి ఫిల్ము అమెరికా నుంచి రావాలి. యుద్ధంలో తటస్థంగా ఉండిపోయిన అర్జెంటీనాకు అమెరికా ఆ ఫిల్మును బాగా బిగించింది. తన పక్షాన నిలిచిన మెక్సికోకు ధారాళంగా ఇచ్చింది. హాలీవుడ్ కూడా యుద్ధ సినిమాల్లో మునిగి ఉంది. స్పానిష్ మాట్లాడే ఇరవై దేశాల థియేటర్లు ఖాళీగా కూర్చున్నాయి. మెక్సికో స్టూడియోలు ఆ ఖాళీని నింపేశాయి. మెక్సికన్ సినిమా స్వర్ణయుగం అని ఇప్పుడు గొప్పగా చెప్పుకునే దాని వెనక ఫిల్ము డబ్బాల రాజకీయం ఉంది.

గుర్రం మీది హీరో, గుర్రం దిగిన హీరో

పెద్రో వచ్చేసరికి సింహాసనం ఖాళీగా లేదు. దాని మీద హోర్హె నెగ్రేతే ఉన్నాడు. మిలిటరీ కాలేజీలో చదివినవాడు, ఒపేరా శిక్షణ ఉన్నవాడు, నిటారుగా నిలబడితే ఎదుటివాడు తల వంచాల్సిందే అన్నట్టుండే మనిషి. 1936లో వచ్చిన ఒక పల్లెటూరి పాటల సినిమా విజయంతో మెక్సికోలో ఒక కొత్త ఫార్ములా పుట్టింది. పెద్ద అంచుల టోపీ, వెండి గుండీల బిగుతు దుస్తులు, గుర్రం, ప్రేమ, పంతం, మధ్యలో పాటలు. ఆ దుస్తుల గుర్రపు రౌతును ‘చార్రో’ అంటారు. ఆ పల్లె పాటను ‘రంచేరా’ అంటారు. నెగ్రేతే చార్రో అంటే పొలాలు, పశువులు ఉన్న ఆసామి లెక్క. అతని గొంతూ అలాంటిదే. మైకు లేకపోయినా చివరి బెంచీ దాకా వెళ్తుంది.

పెద్రో గొంతు అంత పెద్దది కాదు. ఒపేరా శిక్షణ లేదు. కానీ 1940ల నాటికి రేడియో, మైకు, గ్రామఫోను రికార్డు అనే మూడు వస్తువులు కలిసి ఒక పని చేశాయి. గొంతెత్తి పాడాల్సిన అవసరాన్ని తీసేశాయి. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పినట్టు పాడేవాడికి రోజులొచ్చాయి. నెగ్రేతే పాట ఊరి చావడిలో నిలబడి ప్రకటించినట్టుంటే, పెద్రో పాట వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడిగినట్టు ఉంటుంది. ఒక చిన్న నవ్వు, ఒక విరుపు, మాటకీ పాటకీ మధ్య కాస్త జారుడు. శాస్త్రం తెలిసినవాళ్లు తప్పు పట్టగలిగే జాగాలు అతని రికార్డుల్లో లేకపోలేదు. నాకు నచ్చేవి సరిగ్గా ఆ జాగాలే.

ఇక్కడే పాటల వైపు ఒక పెద్ద మలుపుంది. బొలేరో అనేది క్యూబాలో పుట్టి, సముద్రం దాటి యుకతాన్, వెరాక్రూస్ మీదుగా మెక్సికోకు వచ్చిన ప్రేమపాట. నగరం పాట అది. పియానోతోనో, మూడు గిటార్లతోనో, సన్నని వెలుతురులో పాడేది. మరియాచి పూర్తిగా వేరే. పశ్చిమ మెక్సికో పల్లెల్లో వయొలిన్లు, గిటార్ రకం వాయిద్యాలతో ఆరుబయట వాయించే బృందం, తర్వాత్తర్వాత దానికి ట్రంపెట్లు కలిశాయి. ఈ రెండూ ఒకదాని గడప ఒకటి తొక్కనివి. 1940ల చివర్లో వాటిని కలిపి బొలేరో రంచేరో అనే పద్ధతి వచ్చింది. మాటలూ లయా బొలేరోవి, వెనక మోత మరియాచిది. సంగీత దర్శకుడు మనువేల్ ఎస్పెరోన్ 1948 సినిమా కోసం కట్టిన ‘అమోర్సీతో కొరసోన్’ను ఈ తరహాలో తొలి పాటల్లో ఒకటిగా చెబుతారు. తర్వాత మరియాచి వర్గాస్ బృందంలోని రూబెన్ ఫ్వెంతెస్ దాన్ని పక్కాగా స్థిరపరిచాడు. పెద్రో పాడిన ‘సియెన్ ఆన్యోస్’ ఆ కొత్త కలయికకు మంచి ఉదాహరణ. నువ్వు నన్ను పట్టించుకోకుండా నా పక్కనుంచే వెళ్లిపోయావు అని మొదలవుతుంది. కోపం లేదు, శాపం లేదు. వెనక ట్రంపెట్లు మాత్రం ఏడవాల్సిన దానికంటే కాస్త ఎక్కువే ఏడుస్తాయి.

ఇది సంగీతంలో జరిగిన ముచ్చట మాత్రమే కాదు. రాజధాని ఉన్న ఫెడరల్ డిస్ట్రిక్ట్ జనాభా 1940లో దాదాపు 17.6 లక్షలు. 1950కి 30.5 లక్షలు. పదేళ్లలో పల్లెలన్నీ మూటలు కట్టుకుని నగరానికి వచ్చిపడ్డాయి. వాళ్ల చెవుల్లో ఊరి మరియాచి ఉంది, చుట్టూ నగరపు బొలేరో ఉంది. పెద్రో గొంతులో ఆ రెండూ ఒకేసారి వినబడ్డాయి. అతనూ అలా మూట కట్టుకుని వచ్చినవాడే కదా.

ఈల

1948లో ఇస్మయేల్ రొద్రీగెస్ అనే దర్శకుడు ‘నొసోత్రోస్ లోస్ పోబ్రెస్’ తీశాడు. ‘మేము పేదవాళ్లం’ అని అర్థం. వీధి పిల్లలు ఇద్దరు చెత్తలో దొరికిన ఒక పుస్తకం తెరుస్తారు, దాని పేజీల్లోంచి సినిమా మొదలవుతుంది. కథంతా ఒక ‘వెసిందాద్’లో జరుగుతుంది. మధ్యలో ఉమ్మడి వాకిలి, చుట్టూ ఒక్కో గది కాపురాలు, గోడలకు చెవులు కాదు ఏకంగా నోళ్లే ఉండే లోగిలి అది. అక్కడ పెపె ఎల్ తోరో అనే వడ్రంగి ఉంటాడు. వేసింది పెద్రో. రంపం పట్టుకునే తీరు, చెక్క మీద అరచెయ్యి ఆనించే తీరు చూస్తే ఎవరూ నేర్పక్కర్లేదని తెలుస్తుంది.

పెపెకీ, అదే లోగిలిలో ఉండే చొర్రియాదా అనే అమ్మాయికీ ప్రేమ. ఆ పాత్ర వేసింది బ్లాంకా ఎస్తెలా పవోన్. ‘అమోర్సీతో కొరసోన్’ వచ్చేది వీళ్ల మధ్యే. ఇతను ఈల వేస్తాడు, ఆమె ఈలతోనే జవాబిస్తుంది. ఒక వాక్యం ఇతనిది, ఒక వాక్యం ఆమెది. తర్వాతే మాటలు వస్తాయి. వెనక మరియాచిని తీసేసి ఆ ఈల ఒక్కటే ఉంచినా సన్నివేశం నిలబడుతుందని నాకనిపిస్తుంది. పనిచేసుకునేవాడి చేతులు ఖాళీగా ఉండవు, గిటార్ పట్టుకునే తీరిక ఉండదు. ప్రేమను చెప్పడానికి అతని దగ్గర మిగిలింది నోరే. ఆ సంగతి రొద్రీగెస్‌కు తెలుసు.

మిగతా కథ చెబితే నమ్మలేరు. పక్షవాతంతో కదల్లేని తల్లి. క్షయతో చావుకు దగ్గరైన చెల్లెలు. ఆ చెల్లెలి కూతురు చచీతా, పెపెనే తండ్రి అనుకుంటూ పెరిగిన పిల్ల. వడ్డీ వ్యాపారిని చంపాడని పెపె మీద అబద్ధపు కేసు, జైలు. జైల్లో అసలు హంతకుణ్ని పట్టుకుని కొట్టి, కన్ను పీకి, నేరం ఒప్పిస్తాడు. అదే ఏడాది వచ్చిన రెండో భాగం ‘ఉస్తేదెస్ లోస్ రీకోస్’లో, అంటే ‘మీరు ధనవంతులు’లో, పెపె పసికొడుకు మంటల్లో చనిపోతాడు. కాలిన బిడ్డను చేతుల్లో పట్టుకుని పెపె ఏడుస్తూ ఏడుస్తూ నవ్వులోకి జారిపోతాడు. మెక్సికోలో ఆ సన్నివేశాన్ని అనుకరించి జోకులేసేవాళ్లు కోకొల్లలు. కానీ సినిమాలో చూస్తున్నప్పుడు మాత్రం జోకు గుర్తు రాదు.

నా అభ్యంతరం వేరే ఉంది. రెండో భాగం చివర్లో కోట్లున్న ముసలావిడ వచ్చి, ఈ డబ్బుతో ఒంటరిగా బతకలేను, మీ ప్రేమలో కాస్త చోటివ్వండి అని పేదవాళ్లను బతిమాలుతుంది. పేదవాడికి ప్రేమ ఉంది, ధనవంతుడికి లేదు, కాబట్టి లెక్క సరిపోయింది అన్నమాట. ప్రెసిడెంట్ మిగేల్ అలెమాన్ కాలంలో ఫ్యాక్టరీలూ హైవేలూ లేస్తుంటే, వాటికోసం వచ్చిపడ్డ కూలీలకు ఆ సినిమా చెప్పింది ఇదే. మీరు మంచివాళ్లు, అలాగే ఉండండి. ఇంత హాయిగా నిద్రపుచ్చే మాట ఏ ప్రభుత్వం మాత్రం కాదంటుంది? అయినా జనం ఆ సినిమాకు వెళ్లింది నీతి కోసం కాదు. తెర మీద మొదటిసారి తమ లోగిలిని, తమ యాసను, తమ తిట్లను చూసుకున్నారు. హీరో గుర్రం దిగి వాళ్ల వాకిట్లో రంపం పట్టుకున్నాడు.

గోడ పడిపోయిన చోట్లు

1949 సెప్టెంబర్ 26న బ్లాంకా ఎస్తెలా పవోన్ ప్రయాణిస్తున్న విమానం పొపొకాతెపెత్ల్ అగ్నిపర్వతం దగ్గర కొండల్లో కూలింది. ఆమెకు అప్పటికి 23 ఏళ్లు. మూడో భాగం ‘పెపె ఎల్ తోరో’ 1953లో వచ్చింది. అందులో మరో నటిని పెట్టలేదు. చొర్రియాదా చనిపోయినట్టుగానే కథ రాశారు. తెర మీద పెద్రో ఆమెను తలుచుకుని ఏడుస్తుంటే థియేటర్లో కూర్చున్నవాళ్లకు అది పెపె ఏడుపో, పెద్రో ఏడుపో ఎలా తెలుస్తుంది? తెలియాల్సిన అవసరం కూడా వాళ్లకు లేకపోయింది.

1951లో లూయిస్ అగిలార్‌తో కలిసి ‘ఆ తోదా మాకినా’ చేశాడు. ఇద్దరూ మోటార్‌సైకిల్ ట్రాఫిక్ పోలీసులు, ఒకరంటే ఒకరికి పడదు, ఒకరు లేకుండా ఒకరికి గడవదు. సినిమా తర్వాత అసలు ట్రాఫిక్ పోలీసు దళమే అతన్ని గౌరవ అధికారిగా తమలో కలుపుకుంది. వేషం నిజమైన యూనిఫాం అయిపోయింది.

ఇక తాగుడు. రంచేరా హీరో అంటే టెకీలా సీసా చేతిలో ఉండాల్సిందే. మెక్సికన్ సినిమాలో తాగుబోతు నటన అనగానే ఇప్పటికీ చెప్పే పేర్లలో పెద్రోది ఒకటి. దగ్గరివాళ్ల మాట ప్రకారం అతను మందు ముట్టేవాడు కాదు. వ్యాయామం పిచ్చి, ఇంట్లోనే జిమ్, పైగా షుగర్ జబ్బు. 1947లో వచ్చిన ‘వ్వెల్వెన్ లోస్ గార్సియా’లో చుట్ట తాగే నాన్నమ్మగా సారా గార్సియా వేసింది. మనవణ్ని కర్రతో కొట్టి దారిలో పెట్టే ఆ నాన్నమ్మ చనిపోతుంది. మనవడు పెద్రో తాగి, ఆమె కోసం ‘మి కరిన్యీతో’ పాట పాడుతూ మధ్యలో మాట పెగలక ఆగిపోతాడు. మెక్సికన్ మగతనం గురించి పండితులు చాలా రాశారు. ఆ మగతనానికి పోస్టర్‌గా నిలబెట్టిన మనిషి తెర మీద ఇంతలా, చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడన్న సంగతికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదని నా అభిప్రాయం. నెగ్రేతే ఇలా ఏడవడం ఊహించలేం.

ఆ ఇద్దరూ కలిసి హీరోలుగా చేసింది ఒకే సినిమా, ‘దోస్ తీపోస్ దె కుయిదాదో’. 1953 చివర్లో వచ్చింది. ఒక విందులో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పాటలతో ఒకరినొకరు పొడుచుకుంటారు. నెగ్రేతే ప్రతి చరణమూ కత్తిలా దించుతాడు, పెద్రో నవ్వుతూ పక్కకు తప్పుకుంటాడు. ఎవరు గెలిచారన్నది అభిమానులు ఇప్పటికీ తేల్చలేదు. ఆ డిసెంబర్ 5న లాస్ ఏంజిలెస్‌లో నెగ్రేతే కాలేయ జబ్బుతో చనిపోయాడు. వయసు 42. పెద్రోకు పోటీ అనేది లేకుండా పోయింది.

తెర మీద పెట్టడానికి వీల్లేని ముడి

సినిమాకు పనికొచ్చే జీవితమంతా సినిమాల్లోకి వెళ్లింది. వెళ్లనిది ఒకటే, కాపురం.

మరియా లూయిసాతో పెళ్లి ఉండగానే డాన్సర్ లుపీతా తొర్రెంతేరాతో సంబంధం మొదలైంది. పరిచయం నాటికి ఆమె ఇంకా టీనేజీ అమ్మాయి. ఇప్పుడైతే ఈ ఒక్క విషయమే పెద్ద చర్చ అయ్యేది, కావాలి కూడా. అప్పటి పత్రికలు మాత్రం హీరోగారి సరదాల కింద రాసుకున్నాయి. వాళ్లిద్దరికీ ముగ్గురు పిల్లలు. తర్వాత నటి ఇర్మా దొరాంతెస్. 1953లో మెరిదాలో ఆమెను పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్యతో విడాకులు అయిపోయాయన్న లెక్క మీద జరిగిన పెళ్లి అది.

చిక్కంతా ఆ లెక్కలోనే. ఆ విడాకులు చెల్లవని మరియా లూయిసా కోర్టుకెక్కింది. విడాకులు చెల్లకపోతే మొదటి పెళ్లి నిలిచే ఉంది. అది నిలిచి ఉంటే రెండో పెళ్లి పెళ్లే కాదు. కేసు మెట్టు మెట్టుగా పైకెళ్లింది. 1957 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మరియా లూయిసా పక్షానే తేల్చింది. ఇర్మాతో పెళ్లి రద్దు. ముగ్గురు ఆడవాళ్లూ తర్వాత వేర్వేరుగా తమ కథలు పుస్తకాలుగా చెప్పుకున్నారు. ఒక్క మనిషి గురించి మూడు వైపుల నుంచి మూడు కథలు.

తెర మీద పెపెకు ఏ కేసు వచ్చినా అది అబద్ధపు కేసే. చివరి రీలుకు విడిపోతుంది. పెద్రో మీద వచ్చిన కేసు అబద్ధం కాదు. చివరి రీలు కూడా అనుకున్నట్టు నడవలేదు.

కెప్టెన్ క్రూస్

విమానాలంటే అతనికి వల్లమాలిన ఇష్టం. లైసెన్సు ఉన్న పైలట్. విమాన సిబ్బందిలో తల్లి ఇంటిపేరుతో కెప్టెన్ క్రూస్‌గా తెలుసు. తామ్సా అనే సరుకు రవాణా విమాన సంస్థలో వాటాలు కూడా ఉండేవి. షూటింగ్ లేకపోతే యుకతాన్‌లోని మెరిదాలో ఉండేవాడు, అక్కణ్నుంచి రాజధానికి సరుకు విమానంలో కోపైలట్‌గా వచ్చేవాడు.

అంతకుముందే రెండుసార్లు విమాన ప్రమాదాల నుంచి బతికి బయటపడ్డాడు. 1949లో మిచొవకాన్ రాష్ట్రంలో సితాక్వారో దగ్గర తను నడుపుతున్న విమానం దింపబోతే తల పగిలింది. పక్కన లుపీతా ఉంది. డాక్టర్లు పుర్రెలో లోహపు పలక అమర్చారు. అంత జరిగాక ఇంకెవరైనా ఇక చాలు అనుకునేవారు. ఇతను మళ్లీ కాక్‌పిట్ ఎక్కాడు. నటుడికి ప్రతి టేకులోనూ ఎవరో ఒకరు కట్ చెబుతారు. గాల్లో ఎవరూ చెప్పరు. అతనికి అదే నచ్చి ఉంటుందని నా ఊహ, ఊహ మాత్రమే.

1957 ఏప్రిల్ 15, సోమవారం. ఈస్టర్ ముందు పవిత్ర వారం అప్పుడే మొదలైంది. కోర్టు తీర్పు వచ్చి వారం కూడా కాలేదు. ఆ వ్యవహారం చూసుకోవడానికే రాజధానికి బయల్దేరాడని ఎక్కువమంది చెప్పే మాట. విమానం యుద్ధకాలపు నాలుగు ఇంజన్ల బీ-24 బాంబర్ తరహాది, సరుకుల కోసం మార్చినది. పొద్దున 8 కొట్టకముందే మెరిదాలో గాల్లోకి లేచింది, కొద్ది నిమిషాలకే ఊరి మీదే కూలింది. ఇంధనం నిండుగా ఉండటంతో మంటలు. విమానంలో ఉన్న ముగ్గురూ పోయారు. కింద తమ ఇళ్ల దగ్గర పనుల్లో ఉన్నవాళ్లు కూడా బలయ్యారు. వాళ్ల పేర్లు పాటల్లోకి ఎక్కలేదు.

దేహం గుర్తుపట్టే స్థితిలో లేదు. చేతికున్న బ్రేస్‌లెట్, పుర్రెలోని లోహపు పలక. ఇతను పెద్రో అని చెప్పినవి ఆ రెండే. శవపేటిక మూసే ఉంచారు.

ఎవరూ చూడని మొహం

రాజధానికి తెచ్చాక జనాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఏప్రిల్ 17న పాంతెయోన్ హర్దీన్ శ్మశానంలో ఖననం. మోటార్‌సైకిల్ పోలీసులు ముందు నడిచారు, అతను వాళ్ల గౌరవ అధికారి కదా. తోపులాటలో చాలామంది గాయపడ్డారు. నెగ్రేతే సమాధి అక్కడే ఉంది, బ్లాంకా ఎస్తెలా పవోన్‌దీ అక్కడే. అతని గొంతును అనుకరిస్తూ పాటలు మొదలుపెట్టి, తర్వాత తన సొంత గొంతు వెతుక్కుని పెద్ద గాయకుడైన హవియెర్ సొలీస్ 1966లో 34 ఏళ్లకే చనిపోయి అక్కడికే చేరాడు. నెగ్రేతే, పెద్రో, సొలీస్‌లను కలిపి మెక్సికో మూడు పుంజులు అంటారు. ముగ్గురిలో ఎక్కువ కాలం బతికినవాడు 42 ఏళ్లు బతికాడు.

ఖననమైన కొద్ది నెలలకు బెర్లిన్ చిత్రోత్సవంలో ‘తిసోక్’ సినిమాకు ఉత్తమ నటుడిగా సిల్వర్ బేర్ వచ్చింది. నిజం చెప్పాలంటే అతని సినిమాల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ఇదే. పెద్రో అందులో మూలవాసి యువకుడు, మరియా ఫెలిక్స్ తెల్లదొరసాని. ఆమెను చూసి మేరీమాత అనుకుంటాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి వచ్చీరాని స్పానిష్‌లో పసివాడిలా మాట్లాడుతుంటాడు. మూలవాసులంటే ఎదగని పిల్లలన్న పాత చూపు సినిమా నిండా ఉంది. లోగిలి వడ్రంగిని అంత దగ్గరగా తెలిసినవాడు ఈ పాత్రను బయటినుంచే చూశాడు. బెర్లిన్ జ్యూరీకి ఆ తేడా పట్టలేదు. మెక్సికోలో దానికంటే ముందే, 1956లో, ‘లా విదా నో వాలె నాదా’కు ఏరియల్ అవార్డు ఇచ్చారు. నన్నడిగితే సరైన సినిమాకు ఇచ్చింది వాళ్లే.

ఇక మొదట్లో చెప్పిన నమ్మకం. మూసిన పేటిక, కాలిపోయిన మొహం, చుట్టుకున్న కోర్టు కేసు, అంతకుముందు రెండుసార్లు కూలినా బతికి బయటపడ్డ చరిత్ర. పుకారుకు కావలసిన సామానంతా ఉంది. కానీ సామాను ఉంటే చాలదు, దాన్ని నిలబెట్టేది ఇంకోటి ఉండాలి. టీవీ ఆ పని చేసింది. 1950లో మెక్సికోకు టీవీ వచ్చింది. పెద్రో పోయిన తర్వాతి దశాబ్దాల్లో అతని పాత సినిమాలను మళ్లీ మళ్లీ వేస్తూ పోయారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకు పెపె ఎల్ తోరో ఇంట్లోకి వచ్చేవాడు. జైలుకు వెళ్లేవాడు, కన్ను పీకేవాడు, బిడ్డను పోగొట్టుకునేవాడు. మళ్లీ నెలకు అదే లోగిలిలో ఈల వేస్తూ కనిపించేవాడు. ముసలివాడు కాలేదు, లావెక్కలేదు, చెత్త సినిమాలతో పేరు చెడగొట్టుకోలేదు. దశాబ్దాల తర్వాత ఉత్తర మెక్సికోలో అచ్చం అతనిలా ఉండే, అతనిలాగే పాడే ఒక పెద్దాయన కనిపిస్తే, ఈయనే ఆయన అన్నవాళ్లు బోలెడంత మంది. ఆ పెద్దాయన మొహంలో వాళ్లు వెతికింది పేటికలో తమకు చూపించని మొహాన్ని.

మెరిదాలో విమానం పడిన వీధి మూల ఇప్పుడొక చిన్న స్మారకం ఉంది. రాజధానిలో ఏటా ఏప్రిల్ 15న పాంతెయోన్ హర్దీన్‌లో జనం పోగవుతారు. మరియాచి బృందాలు వస్తాయి. కొందరు చార్రో దుస్తుల్లో, కొందరు ట్రాఫిక్ పోలీసు యూనిఫాంలో, కొందరు పెపెలా వస్తారు. ఎవరో ఒకరు ‘అమోర్సీతో కొరసోన్’ ఎత్తుకుంటారు. ఆ పాట మొదట్లో మాటలు లేవు, ఈలే. ఈల రానివాళ్లు కూడా పెదాలు గుండ్రంగా చుట్టి గాలి ఊదుతారు.